ఒంటికొమ్మ రాజు

"దులిపింది చాలు, ఆ సంచి కింద పెట్టు!" గుమ్మంలోంచే అరిచాడు శౌరి.

నవదీప్ కింద పెట్టలేదు. విజయరాణి చేతిసంచిని ఇంకోసారి బోర్లించి మరీ దులిపాడు. బల్లమీద బైబిలు, రెండు మాస్కులు, శానిటైజరు సీసా, ఓ చిన్నపిల్ల ఫోటో పడ్డాయి. వాటికి ఎడంగా, జిప్పు కవర్లో, అరచేతిలో పట్టేంత పాలిపోయిన ఎముక ముక్క. ఐర్లండ్‌లో, కార్క్ ఊళ్ళోని ఈ ఇంట్లో పొద్దుటినించీ జరుగుతున్న రభసంతా దాని గురించే.

"గార్డులకు ఫోన్ చేసిన. వస్తున్నరు," అన్నాడు నవదీప్, ఇక్కడి పోలీసుల్ని ఉద్దేశించి. డబ్లిన్‌లో ప్రైవేటు డిటెక్టివు, హైదరాబాదు కుర్రాడు. గడ్డం దాకా దిగిన ఫేస్‌షీల్డు వెనక నుంచి నవ్వుతున్నాడు. "దొంగ దొరికింది, సొత్తు దొరికింది. నువ్వు లేటైనవ్ శౌరన్నా."

ఐర్లండ్‌కి వచ్చిన ఇన్నేళ్ళలో 'శౌరి' అని పేరు చెప్పుకున్న ప్రతిచోటా "పర్వాలేదు, సారీ ఎందుకు?" అన్నవాళ్ళే ఎదురయ్యారు. అసలు సారీ మాత్రం శౌరి నోట ఎవరూ విన్నది లేదు. గుంటూరు పోలీసులో ఉన్నప్పుడూ అంతే, ఇక్కడ సొంతానికి నేరపరిశోధనలు చేసుకుంటున్నప్పుడూ అంతే. ఇవాళ మరీ ఒళ్ళు మండిపోయి ఉన్నాడు. విజయరాణి ఏడుస్తూ ఫోను చేసింది అతని భార్య నిస్సీకి. ఇద్దరిదీ ఒకే చర్చి.

"దొరికింది అంటున్నావు. దొరికిందా, దొర్లించారా?"

"ఆమె సంచిలనే దొరికింది. నా కండ్లతోని చూసిన."

"సంచిలో పెట్టినప్పుడు చూశావా?"

నవదీప్ నవ్వు కాస్త తగ్గింది.

విజయరాణి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తెనాలి పక్క పల్లె. రెండేళ్ళుగా ఈ ఇంట్లోనే కింద గదిలో ఉంటూ ప్రొఫెసర్ కృష్ణమూర్తిగారికి కేరర్‌గా, ఆయన మంచీచెడ్డా చూసుకుంటూ పనిచేస్తోంది. ఆయన ఈ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు ప్రాచీన చైనా చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. శుక్రవారం జ్వరం ముదిరి, మాట పడిపోయి అంబులెన్సులో వెళ్ళాడు. ఇప్పుడు ఐ.సి.యు.లో ఉన్నాడు. కోవిడే అనుకుంటున్నారు అందరూ.

"నేను తియ్యలేదన్నా," అంది విజయరాణి. "ఈ నెల్లోనే పర్మిట్ రెన్యువలు. పిల్లకి వీసా కాగితాలు పెట్టా. కేసని రాస్తే చాలు, ఏజెన్సీవాళ్ళు తీసేస్తారు. నేను తెనాలి పోవాల్సిందే, పిల్ల ఇక్కడికి రానే రాదు. ఆ ఎముక నాకెందుకన్నా? నేనేం చేసుకుంటా దాన్ని, పులుసు పెట్టుకుంటానా?"

"ఏడవకు. ఏడిస్తే మాస్కు తడుస్తుంది, తడిసిన మాస్కు పనిచెయ్యదు." అని శౌరి సోఫావైపు తిరిగాడు. "ఏమయ్యా బుచ్చిబాబూ, నువ్వు మాట్లాడవేం?"

సోఫాలో కూర్చున్న బుచ్చిబాబు ప్రొఫెసరుగారి మేనల్లుడు. రెండు వీధుల అవతల ఉంటాడు, సాఫ్ట్‌వేర్. మనిషి మెత్తన, మాట మరీ మెత్తన. మొదటి వేవులో ఇంట్లోనే త్రీడీ ప్రింటరు పెట్టి ఆస్పత్రి సిబ్బందికి ఫేస్‌షీల్డులు చేసిచ్చాడు. తెలుగు సంఘం వాళ్ళు సన్మానం చేసి ఇంకో షీల్డు ఇచ్చారు. షీల్డులు చేసి షీల్డు కొట్టిన ఏకైక ఆంధ్రుడు అని ఆరోజు శౌరే మైకు పట్టుకుని చెప్పాడు. నవదీప్‌ని డబ్లిన్‌నించి పిలిపించింది ఇతనే.

"నాకేం సరదా అండీ?" అన్నాడు బుచ్చిబాబు. "ఆ కేరర్ అమ్మాయి ఇలా చేస్తుందని కల్లో కూడా అనుకోలేదండి. మావయ్య ప్రాణంలా చూసుకునే వై రెన్ ఎముక. ఎక్కడో మూడువేల ఏళ్ళనాటి రాజు, ఎవరికీ తెలీని రాజు. ఆయన పేరు చెక్కిన ముక్క మావయ్య దగ్గర తప్ప ఇంకెక్కడుందండీ?"

శౌరి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎవరి ఎముక అన్నావు?"

"వై రెన్ అండి. షాంగ్ వంశం."

"మళ్ళీ చెప్పు."

"వై... రెన్."

శౌరి ఒక్క క్షణం ఊరుకున్నాడు. అతను ఒక్క క్షణం ఊరుకోవడమే పెద్ద వార్త.

"మొదటి లాక్‌డౌన్‌లో మాస్టారు జూమ్‌లో ఉపన్యాసం ఇచ్చారు. గుర్తుందా?"

"అదేంటండీ, హోస్టుని నేనే కదా."

"హోస్టువి నువ్వే. అందరి నోళ్ళూ మ్యూట్‌లో పెట్టావు. నీ చెవులు కూడా మ్యూట్‌లో పెట్టుకున్నావని ఇప్పుడే తెలిసింది."

ఆ రోజు శౌరి పూర్తిగా విన్నాడు. వినడానికి కారణం చరిత్ర మీద ప్రేమ కాదు, మాటల మీద యావ. ఆ రాజు అన్న పోయాక గద్దెనెక్కాడట. ఎక్కగానే రెండు తెగలు తెగ తిరగబడ్డాయట. రాజధాని పేరు ఆవో. ఆవో అని పిలిస్తే శత్రువులు రాకేం చేస్తారని శౌరి చాట్‌లో రాస్తే మాస్టారు పడీపడీ నవ్వారు. తరవాత ఒక మాట చెప్పారు. వందల ఏళ్ళ తరవాత రాసిన పుస్తకాల్లో ఆ రాజు పేరు వై రెన్. కానీ ఆ కాలపు ఎముకల మీద చెక్కింది బు రెన్. బు అంటే సోదె. ఎముకని నిప్పుతో కాల్చి, అది పగిలిన తీరు చూసి సోదె చెప్పేవారు. ఆ పగులు బొమ్మే ఆ అక్షరం: నిలువుగా ఒక గీత, దాని పక్కన ఒకే ఒక కొమ్మ. అందుకే మాస్టారు ఆ రాజుని ఎప్పుడూ వై రెన్ అనేవారు కాదు. 'మా ఒంటికొమ్మ రాజు' అనేవారు. ఇదంతా శౌరి గడగడా చెప్పుకొచ్చాడు.

"గిదంతా సోది అన్నా," అన్నాడు నవదీప్.

"సోది కాదురా, సోదె. గుడి కాదు, ఎత్వం. ఆ ఒక్క తేడాకే ఒకడు జైలుకి పోబోతున్నాడు. ఆ కవరిటియ్యి."

"ఎవిడెన్స్ అది. ముట్టనియ్య."

"ముట్టనులే. శల్యపరీక్ష అంటారు తెలుగులో. ఇన్నాళ్ళకి ఆ మాటని నిజంగా వాడే అవకాశం వచ్చింది. నువ్వే పట్టుకో, నేను చూస్తా."

నవదీప్ కవరుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఎముక మీద రెండక్షరాలు. కింద ఉన్నది రెన్. మాస్టారు తెరమీద చూపించినట్టే, చిన్న నిచ్చెన మెట్టులా ఉంది. పైన ఉన్నది చూసి శౌరికి నవ్వొచ్చింది. వెంటనే నవ్వుని మింగేసేంత కోపం వచ్చింది.

"నిలువుగీతకి ఎన్ని కొమ్మలున్నాయి?"

"రెండు."

"ఎటెటు?"

"గటొకటి, గిటొకటి. చెట్టు పంగ లెక్క. ఇంగ్లీషుల 'వై' ఉంటది సూడు, గట్ల."

"అచ్చం ఇంగ్లీషు వై! మూడువేల ఏళ్ళ కిందట చైనా రాజు తన ఇంటిపేరు పొడి అక్షరం వేసుకున్నాడన్నమాట! వై. రెన్! యలమంచిలి రెన్! యార్లగడ్డ రెన్!" శౌరి గొంతుకి కిటికీ అద్దం అదిరింది. "ఇలా పొరబడగలవాడు ప్రపంచంలో తెలుగువాడొక్కడే. పేరుకి ముందు ఒంటరిగా ఏదన్నా కనబడితే చాలు, ఇంటిపేరనుకుంటాం. మాస్టారు దాన్ని దగ్గిరగా ఫోటో తియ్యనిచ్చేవారు కాదు. దూరంనించి తీసిన ఫోటోలో కొమ్మ మసగ్గా కనబడి ఉంటుంది. ఇంటర్నెట్‌లో చూస్తే పేరు వై అని ఉంది. గీత చూస్తే వై లాగే ఉంది. ఇంకేం, ఈ బొమ్మ చేసినవాడు రెండో కొమ్మ మొలిపించేశాడు!"

నవదీప్ కవరు దించాడు. "అంటే?"

"అంటే ఇది నకిలీ."

బుచ్చిబాబు ఫోనులోకి చూసుకుంటూ, "నకిలీ అయితే మరీ ఘోరమండి. అసలుది ఆ అమ్మాయి అప్పుడే అమ్మేసిందన్నమాట," అన్నాడు.

విజయరాణి తల ఎత్తింది. "నన్ను ఆ అమ్మాయి, ఆ కేరర్ అమ్మాయి అంటావేంది బాబూ? రెండేళ్ళనించి నా చేతి కాఫీ తాగుతున్నావు. నా పేరు తెలవదా?"

బుచ్చిబాబుకి తెలీదు. ముఖం చూస్తే ఆ సంగతి అందరికీ తెలిసిపోయింది.

"విజయరాణి," అన్నాడు శౌరి. "రాజుని కొట్టేసి రాణిని ఇరికించారు. పద మేడమీదికి. ఎముక ఉండే చోటు చూపించు. అందరూ రండి. నువ్వు ముందు నడు బుచ్చిబాబూ, వెనక ఉంటే నాకు చిరాకు."

మేడమీద స్నానాలగది పక్కన హాట్ ప్రెస్ ఉంది. ఈ దేశంలో బీరువాని ప్రెస్ అంటారు. వేణ్ణీళ్ళ ట్యాంకు ఉండే బీరువాని హాట్ ప్రెస్ అంటారు. కొత్తలో ఇంటి ఓనరు "చొక్కాలు హాట్ ప్రెస్‌లో పెట్టుకో" అంటే శౌరి ఊరంతా ఇస్త్రీ షాపు కోసం తిరిగాడు. కార్క్ చెమ్మకి ఎముక బూజు పడుతుందని మాస్టారు దాన్ని ఇక్కడే, ట్యాంకుకి ఆనుకున్న చెక్క అరలో, మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచేవారు.

శౌరి మాస్కు కిందికి లాగి అరలోకి వంగాడు. వేడి మొహాన కొట్టింది. ట్యాంకుకి చుట్టూ ఉండాల్సిన దూది తొడుగు ఒకవైపు చిరిగి ఉంది. ఆ వైపు చెయ్యి పెట్టి "అబ్బా" అని తీసేశాడు.

"నవదీపూ, కవర్లోది తిరగెయ్యి. వెనకవైపు ఏముంది?"

"గరుగ్గ ఉన్నది. సన్న చుక్కలు, వరసగ."

"ఈ తువ్వాలు పక్కన పెట్టి చూడు."

నవదీప్ చూశాడు. తువ్వాలు నూలు పోగుల అచ్చే ఆ ముక్క వీపు మీద దిగి ఉంది. వరసకి వరస, చుక్కకి చుక్క.

"ఎముక ఎంత వేడికైనా మెత్తబడదు," అన్నాడు శౌరి. "మెత్తబడి తువ్వాలుని అచ్చు దింపుకునేది ప్లాస్టిక్. ఇప్పుడు నీ నెత్తిమీది ఫేస్‌షీల్డు తీసి దాని పట్టీ చూడు. ఎవరిచ్చారది?"

"బుచ్చిబాబన్న. తలుపు కాడ ఇచ్చిండు."

పట్టీది అదే పాలిపోయిన తెలుపు. రెండిటి అంచులోనూ సన్నటి పొరలు, జంతికల గొట్టంలోంచి దిగినట్టు ఒకదాని మీద ఒకటి. నవదీప్ ఒకసారి పట్టీనీ ఒకసారి ముక్కనీ చూశాడు. తరవాత షీల్డుని తీసి మెల్లగా చంకలో పెట్టుకున్నాడు.

"ఆ రంగు ప్లాస్టిక్ ఆన్‌లైన్‌లో ఎవరైనా కొనుక్కోవచ్చండి," అన్నాడు బుచ్చిబాబు.

"కొనుక్కోవచ్చు. నవదీపూ, నీకొక ప్రశ్న. ఈమె దొంగ అనుకో. అసలు ఎముక తీసింది. అనుమానం రాకుండా దాని చోట నకిలీ పెట్టింది. అప్పుడు ఈ తువ్వాలు మీద ఏముండాలి?"

"నకిలీ."

"సంచిలో?"

నవదీప్ చేతిలోని కవరుని చూసుకున్నాడు. "అసలుది," అన్నాడు చివరికి. "దొంగ నకిలీని ఎందుకు మోస్తది?" గిర్రున తిరిగాడు. "బుచ్చిబాబన్నా! ముందు ఆమె సంచి సూడమని నాకు చెప్పింది నువ్వే కదా! నన్ను తోలుబొమ్మ లెక్క ఆడించినవా?"

"మాస్కు వెనక అధరాలు దాగుతాయి బుచ్చిబాబూ, ఆధారాలు దాగవు!" శౌరి అతని ముఖం మీదికి వెళ్ళాడు. రెండు మీటర్ల దూరం సంగతి ఎవరికీ గుర్తు లేదు. "ఎండాకాలంలో ఆ ఎముకని అది పుట్టిన దేశానికే పంపేస్తానని మాస్టారు అన్నారు. చేజారిపోతుందనేగా నీ ఏడుపు? వెన్నెముక లేనివాడికి ఎముక కావాల్సొచ్చింది! తీసేశావు, బొమ్మ పెట్టావు. ఆయన ఆస్పత్రికి పోగానే ఆ బొమ్మనే తెచ్చి ఈమె సంచిలో వేశావు. ఎముక దొరికిందంటే అసలుదాన్ని ఎవడూ వెతకడుగా! నీ పేరు మొదట్లోనే ఉందిగదరా 'బు'! సొంత అక్షరాన్ని కూడా గుర్తుపట్టలేకపోయావు, పుచ్చిబాబూ!"

బుచ్చిబాబు వెనక్కి జరగలేదు. కళ్ళు కూడా ఆర్పలేదు. అది శౌరికి నచ్చలేదు. పోలీసు ఉద్యోగంలో చాలామంది దొంగల్ని కేకలేశాడు. దొరికిపోయినవాడు ఇంత నింపాదిగా ఉండడు.

ఏదో మిగిలిపోయింది.

శౌరి మళ్ళీ అరవైపు చూశాడు. "విజయా, మాస్టారు ఎముకని ఎప్పుడెప్పుడు చూసుకునేవారు?"

"రోజూ అన్నా. పొద్దున్నే స్నానం కాంగానే దణ్ణం పెట్టుకున్నట్టు చూసేవాడు. జబ్బు పడ్డాకే మానుకున్నాడు. మెట్లెక్కలేక కింద గదిలోనే ఉండిపోయాడు."

"రోజూ చూసే మనిషి ముందు ఈ రెండు కొమ్మల బొమ్మ ఎంతసేపు నిలుస్తుంది?"

శౌరి చెక్క అర మీద వేలితో కొట్టాడు.

"నిమిషం నిలవదు. కాబట్టి బొమ్మ పెట్టాలంటే ముందు ఆయన మెట్లెక్కకూడదు." శౌరి గొంతు మొదటిసారి తగ్గింది. "జబ్బు వచ్చింది కదాని దొంగతనం చెయ్యలేదు. దొంగతనం చెయ్యాలని జబ్బు తెప్పించారు. ఇది వైరస్ కాదు. వైరం."

ఫోను తీసి నిస్సీకి చేశాడు. మాస్టారు ఉన్న ఐ.సి.యు.లోనే ఆమె డ్యూటీ. స్పీకరు పెట్టాడు.

"డ్యూటీలో ఉన్నా, తొందరగా చెప్పండి."

"మాస్టారి కోవిడ్ టెస్టు ఏమైంది?"

"రెండుసార్లూ నెగిటివే. ఊపిరితిత్తులు కూడా బాగానే ఉన్నాయి. డాక్టర్లకే అర్థం కావట్లా. వాంతులు, కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు, జుట్టు చేతికి ఊడొస్తోంది."

"విషం కోసం రక్తం చూడమను. ఇప్పుడే. నా పేరు చెప్పు."

"మీ పేరు చెబితే డాక్టరు 'సారీ దేనికి?' అంటాడు. ఉండండి, లైన్లోనే ఉండండి." అవతల అడుగుల చప్పుడు దూరమైంది.

"ఏం పెట్టావురా ఆయనకి?" శౌరి బుచ్చిబాబు కాలరు పట్టుకున్నాడు. "మేనమామ! నిన్ను ఈ దేశం తెచ్చి చదివించిన మనిషి! ఏం పెట్టావు?"

"వదలండి." బుచ్చిబాబు కాలరు సర్దుకున్నాడు. "నేనేం పెట్టానండీ? మావయ్యకి డెబ్భై దాటాయని, కొకూనింగ్ అని, పెద్దవాళ్ళ దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదని, నెలరోజులుగా ఆయన గదిలోకే నేను రాలేదు. కావాలంటే ఆ గదిలో ఉన్న కెమెరా చూసుకోండి, గది గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడి వెళ్ళిపోయేవాణ్ణి. నా చేత్తో గ్లాసుడు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదండి. ఆయన ఎవరి చేతి తిండి తిన్నాడో వాళ్ళని అడగండి."

వెనక విజయరాణి చెయ్యి గోడమీద జారిన చప్పుడైంది.

"కషాయం," అంది.

"ఏం కషాయం?"

"బాబే వీధి గుమ్మంలో పెట్టి పోయాడు. వాళ్ళత్త పంపిందన్నాడు. మిరియాలు, పసుపు, శొంఠి కలిపిన పొడి, ఒంట్లో శక్తి పెరిగిద్దన్నాడు. రోజూ పొద్దున్నే పాలల్లో కలిపి ఇచ్చేదాన్ని. పెద్దాయన చేదుగా ఉంది వద్దమ్మా అంటే..." ఆమె శౌరి వైపు తిరిగింది. "బెల్లం వేసి తాగించానన్నా. వద్దంటున్నా కూర్చోబెట్టి, బతిమాలి, నేనే తాగించా."

"ఏ కషాయమండీ? నేనెప్పుడూ ఇవ్వలేదే," అన్నాడు బుచ్చిబాబు.

"అబద్ధం! నీలం మూత సీసాలో..."

"సీసా ఏది?" శౌరి, నవదీప్ ఒకేసారి అడిగారు.

విజయరాణి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పొడి అయిపోయింది. గాజు సీసా, మంచిది కదాని పారెయ్యబుద్ధి కాలా. వేణ్ణీళ్ళతో రెండుసార్లు కడిగి ఎండబెట్టా. నా గదిలో ఉంది. మెంతులు పోసుకున్నా."

నవదీప్ నెత్తిన చెయ్యి పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. "ఏంది అక్కా గిది. ఉన్న ఒక్క సాక్ష్యం కడిగి, పైనంగ నీ గదిలనే పెట్టుకున్నవా?"

తెలుగింట్లో పుట్టిన ఏ ఆడమనిషైనా అదే చేస్తుంది. మంచి సీసాని పారెయ్యదు. రెండేళ్ళు ఆమె పేరు తెలుసుకోని మనిషి, ఆ ఒక్క సంగతీ ఎంత బాగా తెలుసుకున్నాడో!

కింద కారు ఆగింది. తలుపులు రెండు పడ్డాయి. గార్డులు.

ఫోనులో నిస్సీ గొంతు మళ్ళీ వచ్చింది, ఆయాసంగా. "విన్నారా? డాక్టరు మీరు చెప్పింది నిజమే కావచ్చంటున్నాడు. రక్తం పంపించాడు. ఇది ఇంక మామూలు కేసు కాదు, గార్డులకి చెప్పి తీరాలట, చెప్పేస్తున్నాడు. ఇంట్లో ఆయనకి తినడానికీ తాగడానికీ ఇచ్చింది ఎవరని అడుగుతున్నాడు. ఏం చెప్పను? విజయ పేరేనా?"

శౌరి విజయరాణి వైపు చూశాడు. ఇందాకటిదాకా ఆమె మీద ఉన్నది ఉత్త దొంగతనం. దాన్ని ముక్కలు ముక్కలు చేసి, దాని చోట హత్యాయత్నాన్ని తెచ్చి నిలబెట్టింది అతని నోరే.

"వినబడుతోందా? ఏం చెప్పమంటారు?"

కింద బెల్లు మోగింది.

బుచ్చిబాబు మాస్కు ముక్కుమీదికి చక్కగా లాక్కున్నాడు. జేబులోంచి శానిటైజరు తీసి చేతులకి రాసుకున్నాడు. నవదీప్‌ని తగలకుండా పక్కనించి జాగ్రత్తగా మెట్లు దిగి, తనే వెళ్ళి తలుపు తీశాడు.